ఎడమ చక్రం మీద పసుపు గీత

శివరామకృష్ణ గారి పికప్ బండికి ముందు చక్రాల బ్రేకు డిస్కులు మార్చిన ఆదివారం గురించి మా చౌరస్తాలో ఎవరిని అడిగినా ఒక కథ చెబుతారు. పెద్దాయనకు వయసైపోయింది, మెకానిక్‌కు ఇవ్వకుండా సొంత పెత్తనం చేశాడు, అందుకే అట్లా అయింది అంటారు. వాళ్ళ నోళ్ళు మూయించడం నా వల్ల కాదు. కానీ ఆ రోజు ఆ ఇంటి ముందు ఉన్నది నేను. జరిగింది నాకు తెలుసు. తప్పులో నా వాటా ఎంతో కూడా నాకే తెలుసు.

నా పేరు కాశీనాథ్. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బండ్ల సామాన్ల దుకాణం నాది. మా తాత కాలం నుంచి మాది సంగారెడ్డి గంజ్ మార్కెట్‌లో కందుల వ్యాపారం. నాకు ఆ దుమ్ము పడేది కాదు, తక్కెడ ముందు కూర్చోవడం అంతకన్నా పడేది కాదు. ఐటీఐ చదివి, మా నాయనతో కొట్లాడి, పటాన్‌చెరు దారిలో ఒక పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాను. ఉన్నది ఏడాదే. ఆ ఏడాదంతా నన్ను తిట్టి తిట్టి పని నేర్పిన మనిషి శివరామకృష్ణ గారు.

ఆయనది దివిసీమ. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక రేకు పెట్టెతో వచ్చి ఫిట్టర్‌గా చేరి, ముప్పై ఆరేళ్ళు అదే షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. సన్నటి మనిషి. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటారు, జేబులో ఎప్పుడూ ఒక గుడ్డ పీలిక ఉంటుంది. ఎక్కువ మాట్లాడరు. మాట్లాడితే తిట్టే.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బోల్టు బిగించాక దాని తల మీంచి కింది ఇనుము దాకా పసుపు రంగుతో ఒక గీత గీస్తారు. బోల్టు ఏ మాత్రం తిరిగినా గీత విరిగినట్టు కనబడుతుంది. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. ఇది చాలాచోట్ల ఉన్నదే. ఆయన దగ్గర మాత్రం దానికి ఒక షరతు ఉండేది. బిగించినవాడు గీత పెట్టకూడదు. రెండోవాడు వచ్చి, పానా వేసి చూసి, అప్పుడు పెట్టాలి. "బిగించినవాడికి తన చెయ్యి మీద నమ్మకం ఉంటుందిరా. ఆ నమ్మకమే మనల్ని ముంచుతుంది" అనేవారు.

నేనొకసారి పానా వెయ్యకుండానే వరసగా గీతలు పెట్టుకుంటూ పోయాను. పన్నెండు బోల్టులు. ఆయన దూరం నుంచి చూశారు. వచ్చి, పన్నెండూ విప్పించి, మళ్ళీ బిగించి, నాతో ఒక్కొక్కటి పట్టి చూపించి గీతలు పెట్టించారు. ఆ రోజు నేను తిండి తినలేదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆయన మీద ఎందుకో నిలబడలేదు.

రిటైరయ్యాక వాళ్ళు మా పోతిరెడ్డిపల్లిలోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆయన భార్య అన్నపూర్ణ గారిని నేను అక్కా అని పిలుస్తాను. ఆమెకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో పనిచేసే కాంట్రాక్టు కూలీలకు మధ్యాహ్నం భోజనం వండి పంపడం మొదలుపెట్టింది. ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు, అరవై మంది దాకా ఉంటారు. క్యాన్లలో అన్నం, పప్పు, కూర, చారు సర్దుకుని రోజూ పదకొండింటికి బయలుదేరుతారు. బండి ఆయనది, గరిటె ఆమెది. పక్క సీట్లో ఆమె తప్పకుండా ఉండాల్సిందే. వడ్డన ఇంకొకరికి అప్పజెప్పే రకం కాదు.

ఆ బండి నాలుగు వారాలుగా బ్రేకు వేసినప్పుడల్లా వణుకుతోంది. స్టీరింగు చేతుల్లో ఆడుతోంది. ముందు చక్రాల డిస్కులు అరిగి, అంచున గట్టులాగా లేచింది. ఒక గురువారం ఆయన నా దుకాణానికి వచ్చి రెండు కొత్త డిస్కులు, ప్యాడ్లు తీసుకుపోయారు. శుక్రవారం పొద్దున మళ్ళీ వచ్చారు.

"కాశీ, ముందు డిస్కులు రెండు కావాలిరా. ప్యాడ్లు కూడా ఇవ్వు."

నేను నవ్వాను. "ఏంది సార్, నిన్ననే కొంటపోయిన్రు గదా. ఇంకో బండి కొన్నరా ఏంది?"

ఆయన నవ్వలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, "అవును కదూ" అని వెళ్ళిపోయారు. నేను దాన్ని అక్కడితో మరిచిపోయాను.

శనివారం అన్నపూర్ణక్క వచ్చింది. దుకాణంలో ఎవరూ లేనిదాకా ఆగి, కౌంటరు మీదికి వంగి మెల్లగా చెప్పింది.

"ఈ మధ్య ఆయన మరిచిపోతున్నారు కాశీ. పొయ్యి వెలిగించి వెళ్ళిపోతారు. స్నానం చేసొచ్చి మళ్ళీ తువ్వాలు తీసుకుని బయలుదేరుతారు. నేను ఎవరితోనూ అనలేదు."

"డాక్టర్‌కు సూపెట్టిన్రా అక్కా?"

"పదమంటే నాకేం జబ్బు అంటారు. సరే, అది తర్వాత. రేపు ఆయన డిస్కులు మారుస్తారట. మెకానిక్‌కు ఇద్దామంటే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు ఒక పూట వచ్చి కూర్చో నాయనా. ఊరికే కబుర్లకు వచ్చినట్టు రా. ప్రతిదీ నువ్వొకసారి పట్టి చూడు. సోమవారం ఆ బండిలో ఎక్కేది నేనే కదా."

వస్తానన్నాను. నిజం చెప్పాలంటే మనసులో విసుక్కున్నాను కూడా. ఆదివారం పొద్దున నాకు బేరాలు ఎక్కువ.

నేను వెళ్ళేసరికి ఆయన ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద బండి నిలబెట్టి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, కుడివైపు జాకీ ఎత్తి ఉన్నారు. జాకీ పక్కన ఒక చెక్క మొద్దు కూడా ఆనించి పెట్టారు, జాకీ జారినా బండి మనిషి మీద పడకుండా. పనిముట్లు గోనె సంచి మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఒక చివర చిన్న గాజు సీసాలో పసుపు రంగు, దానిలో దూది చుట్టిన పుల్ల.

"ఏంట్రా, దుకాణం మూసేశావా?"

"లేదు సార్. పోరి సూసుకుంటది జెరసేపు. మీ పని సూసి శానా రోజులైందని వచ్చిన." పోరి అంటే మా చెల్లెలి కూతురు అంకిత. డిగ్రీ చదువుతోంది, సెలవురోజు గల్లా దగ్గర కూర్చుంటుంది.

"సరే, వచ్చావు కాబట్టి గీత నువ్వు పెట్టు" అన్నారు. ఆయన మొహం వెలిగింది. నాకు అది చూసి సిగ్గేసింది.

కుడి చక్రం పని చూస్తే ఈ మనిషికి మతిమరుపు అని ఎవరన్నా అంటే కొట్టాలనిపిస్తుంది. చక్రం విప్పారు. బ్రేకు పట్టే కాలిపర్‌ను విప్పి, దాని ఆయిలు గొట్టం మీద బరువు పడకుండా ఒక తీగతో పైకి కట్టారు. పాత డిస్కు తుప్పుతో అతుక్కుపోయింది. చెక్క ముక్క ఆనించి సుత్తితో చుట్టూ కొడుతూ, తిప్పుతూ, ఓపికగా ఊడదీశారు. లోపలి తుప్పును తీగ బ్రష్‌తో గీకారు. కొత్త డిస్కు మీద కంపెనీ వాళ్ళు పూసే నూనె ఉంటుంది. దాన్ని పెట్రోలు గుడ్డతో రెండువైపులా తుడిచి, వేలితో రాసి చూసుకుని, మళ్ళీ తుడిచారు. కాలిపర్ పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నెట్టి, బ్రేకు ఆయిలు డబ్బా పొంగుతుందేమో లేచి వెళ్ళి చూసి వచ్చారు. అన్నీ అమర్చి బిగించారు.

"ఇక చూడు" అని పానా నా చేతికిచ్చారు. నేను ఒక్కో బోల్టూ పట్టి చూశాను. కదల్లేదు. పసుపు గీతలు పెట్టాను. ఆయన వంగి చూసి, "చెయ్యి ఇంకా వంకరేరా నీది" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. అన్నపూర్ణక్క తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది. ఆమె మొహంలో ముందురోజు లేని నెమ్మది కనబడింది.

ఎడమ చక్రం దగ్గరికి వచ్చేసరికి నా ఫోను మోగింది. అంకిత. నేను శనివారం ఇచ్చిన క్లచ్ ప్లేటు తప్పు సైజని ఒక డ్రైవర్ దుకాణంలో గొడవ పెట్టుకున్నాడట. నేను గేటు దగ్గరికి వెళ్ళి వాడితో మాట్లాడాను. మాట్లాడడం ఏమిటి, అరిచాను. వాడూ అరిచాడు. తప్పు సైజు అడిగింది వాడు, మాటలు పడేది నేను. పావుగంటో, ఇరవై నిమిషాలో తెలియదు.

మధ్యలో వెనక నుంచి, "కాశీ, ఒకసారి రారా, చూడు" అని పిలిచారు.

నేను వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాను. "సూస్తున్న సార్, మీరు కానియ్యండి."

కానియ్యండి అన్నాను. ఆ మాట నాదే.

ఫోను పెట్టేసి వచ్చేసరికి ఆయన చక్రం పైకెత్తి పెడుతున్నారు. చక్రం సందుల్లోంచి లోపల కాలిపర్ బోల్టులు కనబడ్డాయి. వాటి మీద పసుపు గీతలు, ఇంకా తడిగా, తిన్నగా, చక్కగా ఉన్నాయి. నావిలాగా వంకరగా లేవు. ఆ గీతలు నేను పెట్టలేదు. పెట్టలేదని నాకు తెలుసు. అక్కడ ఇంకెవరూ లేరని కూడా తెలుసు. "ఎవరు పెట్టిన్రు సార్?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ క్లచ్ ప్లేటు గొడవ నా తలలో ఇంకా తిరుగుతోంది. గీత ఉంది కదా అనుకున్నాను. గీత కనబడితే పని అయినట్టే అని నాకు నేర్పింది ఆయనే.

చక్రం బోల్టులు బిగించి, జాకీ దించి, ఆయన బండి ఎక్కి బ్రేకు పెడల్ తొక్కారు. "పిస్టన్ వెనక్కి నెట్టాం కదా, మొదటిసారి తొక్కితే పెడల్ నేలకు పోతుంది. గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిచిపోయి గేటులో గుద్దినవాళ్ళను చూశాను" అన్నారు. ఆరేడుసార్లు తొక్కారు. సందు చివరిదాకా రెండుసార్లు నడిపి తెచ్చారు. వణుకు పోయింది. బండి చక్కగా ఆగుతోంది.

నేను వెళ్తూ అన్నపూర్ణక్కతో, "అంతా మంచిగుందక్కా. నేనే సూసిన" అన్నాను.

సోమవారం పదకొండున్నరకు అన్నపూర్ణక్క ఫోను చేసింది. ఆమె గొంతు కాదు అనిపించేంత మెల్లగా, "కంది దగ్గర ఉన్నాం కాశీ, రా" అంది. ఆ ఊరు పటాన్‌చెరు దారిలోనే. ఎట్లా వెళ్ళానో నాకు గుర్తు లేదు.

జరిగింది ఇదీ. చౌరస్తా దాటాక స్పీడ్ బ్రేకర్ మీద ఎడమవైపు టక్కుమని చప్పుడైంది. క్యాను కదిలిందనుకున్నారు. కంది దగ్గర, అక్కడున్న పెద్ద కాలేజీ గేటుకు కాస్త ఇవతల, పిల్లలు నలుగురైదుగురు రోడ్డు దాటుతుంటే బ్రేకు వేశారు. ఎడమ చక్రంలో కాలిపర్ ఊడి తిరగబడి, గొట్టం తెగి, పెడల్ నేలకు పోయింది. ఆయన గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని రోడ్డు పక్క మొరం కుప్పలోకి ఎక్కించారు. పిల్లలకు మూడు గజాల దూరంలో ఆగింది. మూత సరిగ్గా పట్టదని అన్నపూర్ణక్క కాళ్ళ దగ్గర పెట్టుకున్న చారు క్యాను ఒరిగి, ఎడమ పాదమంతా కాలింది.

నేను వెళ్ళేసరికి ఆమె మొరం మీద కూర్చుని ఉంది. ఎవరో కాలేజీ అమ్మాయి సీసాతో పాదం మీద నీళ్ళు పోస్తోంది. ఆయన బండి ముందు నిలబడి ఉన్నారు. నేను జాకీ ఎత్తి చక్రం విప్పాను. కింది బోల్టు లేదు. పైది రెండు మర చుట్ల మీద వేలాడుతోంది. వేళ్ళతో ఎక్కించినదే తప్ప దానికి పానా తగిలిన గుర్తు లేదు. దాని తల మీద పసుపు గీత సగం ఉంది.

ఆయన వంగి చూశారు. నిటారుగా లేచారు. ఆయన గొంతు ముప్పై ఏళ్ళ కిందటి షెడ్డులో గొంతు.

"పానా వెయ్యకుండా గీత పెట్టావా? అప్పుడు చెప్పాను, పన్నెండు బోల్టులు విప్పించాను, అయినా బుద్ధి రాలేదా? నేను పిలిచాను కదరా నిన్ను! చూస్తున్నానన్నావు కదా!"

నిన్న నేను అన్న మాట ఆయనకు గుర్తుంది. తను గీసిన గీత గుర్తు లేదు.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వే పెట్టినవ్ సార్, నేను కాదు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా మొహానికి సూటిగా వేలు చూపిస్తున్నారు. కుడి చూపుడు వేలు. గోరు కింద పసుపు రంగు గట్టిగా ఎండిపోయి ఉంది.

ఆ వేలు చూశాక నేను ఆ మాట అనలేకపోయాను.

"నాదే తప్పు సార్," అన్నాను. "నేనే పెట్టిన. సూడకుండ పెట్టిన."

"అరవై మందికి అన్నం తీసుకెళ్ళే బండిరా ఇది" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు అన్నపూర్ణక్క ఆ అమ్మాయి భుజం పట్టుకుని లేచింది. కుంటుకుంటూ వచ్చి, మా ఇద్దరి మధ్య నిలబడింది.

"కాశీ, అబద్ధం ఆడకు," అంది. "నీ మంచితనం నాకొద్దు. రేపు మళ్ళీ ఈ బండి ఎక్కేది నేనే."

నేను తల దించుకున్నాను. ఆమె ఆయన కుడి చెయ్యి పట్టుకుని, చంటిపిల్లల గోళ్ళు చూసినట్టు వేళ్ళు విప్పి చూపించింది.

"ఏమండీ, ఈ రంగేంటండీ?"

ఆయన తన గోటిని చూసుకున్నారు. బొటనవేలితో గీకారు. రంగు రాలేదు. మళ్ళీ గీకారు. లారీలు పోతూనే ఉన్నాయి, మొరం దుమ్ము మా మీద పడుతూనే ఉంది. ఆయన అట్లాగే నిలబడి గీకుతున్నారు. చివరకు జేబులోంచి గుడ్డ పీలిక తీసి వేలికి చుట్టుకున్నారు, దెబ్బ తగిలినట్టు. తర్వాత బండి తాళం తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నాకు గుర్తు లేదే," అన్నారు. "ఒట్టు, నాకు గుర్తు లేదు."

ఆ మనిషి భయపడడం నేను చూడడం అదే మొదటిసారి. నేను రోడ్డు మీదే ఏడ్చాను. సిగ్గుపడను.

ఆ తర్వాత వారంలో హైదరాబాద్ తీసుకెళ్ళి పరీక్షలు చేయించారు. డాక్టర్లు ఒక పేరు చెప్పారు. మందులతో నెమ్మదిస్తుంది, పోదు అన్నారు. ఆమె ఒక డ్రైవర్‌ను మాట్లాడుకుంది. సునీల్‌కుమార్ అని, పక్క వీధి కుర్రాడే. తాళం ఇచ్చే ముందు మాత్రం బండి మళ్ళీ మా చేతుల్లోనే బాగవ్వాలని పట్టుబట్టింది. ఇంకో ఆదివారం నేను వెళ్ళాను. ఈసారి ఫోను దుకాణంలోనే పెట్టి వెళ్ళాను.

ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను కొత్త గొట్టం, కొత్త కాలిపర్, కొత్త బోల్టులు వేశాను. ఆయన అడుగడుగునా తిడుతున్నారు, తిట్లన్నీ సరైనవే. నేను బిగించాక పానా అన్నపూర్ణక్క చేతికిచ్చాను. ఆమె పాదానికి ఇంకా కట్టు ఉంది. గచ్చు మీద కూర్చుని, రెండు చేతులతో పానా పట్టుకుని, ఒక్కో బోల్టునూ బలమంతా పెట్టి లాగి చూసింది. పుల్లతో గీత పెట్టింది. ముగ్గు పెట్టే చెయ్యి కదా, నా గీతకన్నా తిన్నగా వచ్చింది.

ఆయన వంగి చూశారు. "ఎవరు పెట్టారు ఈ గీత?"

"నేనే పెట్టానండీ."

"పానా వేసి చూశావా?"

"చూశాను."

నేను చక్రం ఎక్కించాను. జాకీ దించేలోపు ఆయన మళ్ళీ అడిగారు, అదే గొంతుతో. "ఎవరు పెట్టారు ఈ గీత?"

"నేనే పెట్టానండీ," అందామె. "పానా వేసి చూశాను."

తాళం నా చేతిలో ఉంది, నడిపి చూద్దామని. ఆయన దాన్ని చూశారు. కుడివైపు డ్రైవరు తలుపుకేసి రెండడుగులు వేసి, ఆగి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు తలుపు తీసుకుని ఎక్కారు. ఆమె ఆయన పక్కన సర్దుకుంది. నేను బండి స్టార్ట్ చేసి గేరు వెయ్యబోయాను.

"ఆగరా," అన్నారాయన. "పెడల్ తొక్కావా? గట్టిపడేదాకా తొక్కు ముందు."

నేను మరిచిపోయాను. కాలు పెట్టి నొక్కితే పెడల్ నేల దాకా పోయింది.